లోపల సూసినావా, అమ్మీ?

మావయ్య పోయారని ఫోను వచ్చినప్పుడు నేను మా బంకులో డిప్ రాడ్ పట్టుకుని ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చూస్తున్నాను. ఫోను చేసింది వాళ్ళ వీధిలో పాలు పోసే ఆమె. "మీ మావయ్య లెగట్లేదమ్మా. తలుపు కొట్టి కొట్టి, ఆఖరికి కిటికీలోంచి సూసినాం. కుర్సీలో అలగే ఉండిపోనారు. డాట్రుగోరు వొచ్చి సూసినారు. అయిపోనాదంట. మీరు బేగి రండి" అంది.

నేను అక్కడ ఏడవలేదు. ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, సంచిలోంచి పిస్తోలు బయటికి తీశాను. పిడిలోంచి తూటాలుండే మేగజైన్ ఊడదీశాను. గోడవైపు తిప్పి, స్లైడు వెనక్కి లాగి, తూటా కూర్చునే చోటులోకి చూశాను. చిటికెన వేలు పెట్టి తడిమాను. ఖాళీగా ఉంది. లాకర్లో పెట్టి తాళం వేశాక కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఈ వరస ఆయన నేర్పిందే. "ఏడుపొచ్చినా, కోపమొచ్చినా, ఫోనొచ్చినా ముందు దాన్ని సూడాల. మిగతాయన్నీ తరవాత" అనేవారు. తన చావు కబురు కూడా ఆ తరవాతలోకే వస్తుందని ఆయన అనుకుని ఉండరు.

మావయ్య అంటే మా అత్తగారి తమ్ముడు. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే పని చేసి వచ్చారు. భార్య పోయాక, పిల్లలు లేరు కనక, ఎచ్చెర్ల దాటాక లోపలికి ఉన్న తన ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. ఎకరం మెట్టలో గోగు వేసేవారు. మీలో ఎవరికీ ఆయన తెలియదు. తెలియాల్సినంత పెద్ద పనులేవీ ఆయన చేయలేదు. కానీ ఆయన వల్ల మా ఇంట్లో ఒక మనిషి ఇంకా బతికి ఉంది. అది చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ఆయనకి ఒక జబ్బుండేది. జబ్బనే అనాలి. ఏ వస్తువైనా లోపలికి చూడనిదే ముట్టుకునేవారు కాదు. చెప్పులు తిరగేసి దులపనిదే కాలు పెట్టరు. మా ఇంటికి వస్తే కుక్కరు విజిలు తీసి, ఆ కన్నం వెలుతురుకి పెట్టి చూస్తారు. టీ ఇస్తే గ్లాసులోకి తొంగి చూసి గానీ తాగరు. మా అత్తగారు కోప్పడేవారు. "ఒరే, టీలో తూటా ఉంటాదేటిరా? తాగి సావు!" అనేవారు. ఆయన నవ్వేవారు కాదు. "ఈగ ఉంటాది కదే అప్పా" అని ఇంకోసారి చూసి తాగేవారు. ఆవిడకి చెముడు. అందుకని ఈ సంభాషణ ప్రతిసారీ వీధి చివరిదాకా వినపడేది.

పిస్తోలు మా ఇంటికి రావడానికి కారణం ఒక ఇనప రాడ్డు. బంకు డబ్బు సంచి పట్టుకుని శ్రీకాకుళం బ్యాంకుకి వెళుతున్న మా ఆయన్ని హైవే మీద ఇద్దరు ఆపి మోకాలి మీద కొట్టారు. సంచి పోయింది. మోకాలు అతుక్కుంది కానీ మునుపటిలా వంగదు. ఆ తరవాత నుంచి కారు నేను నడపడం, ఆయన పక్కన కూర్చోవడం. బైకు ఏదైనా వెనకే కాసేపు వస్తే ఆయన చెయ్యి తలుపు పిడి మీద బిగుసుకునేది. నిద్రలో ఉలిక్కిపడి లేచేవారు. లైసెన్సుకి పెట్టుకోమని అందరూ చెప్పారు. బంకు నా పేరు మీద ఉంది కనక లైసెన్సు నాకు వచ్చింది. వచ్చేలోపు నేను తిరిగిన ఆఫీసులు, కూర్చున్న బెంచీలు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు లాగుతాయి. చేతికి వచ్చిన రోజు సంతోషం కూడా కలగలేదు. ఇంకో బరువు నెత్తికెక్కిందని మాత్రం అనిపించింది.

ఏది కొనాలో తెలియక మావయ్య దగ్గరికి వెళ్ళాను. గోగునార ఆరేస్తున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి అంతా విన్నారు.

"ముందొక మాట ఇను అమ్మీ. ఆళ్ళొచ్చి సంచీ అడిగితే ఇచ్చీ. సంచీ పోతే పోనీ."

"అలాంటప్పుడు ఇదెందుకు మావయ్యా?"

"నువ్వు కొంటన్నది పిస్తోలు కాదు, ధైర్నం. మా అల్లుడికి నిద్ర పట్టడానికి కొంటన్నావు. కొను, తప్పేటి లేదు. గాని ధైర్నానికి కూడా సేఫ్టీ ఉండాల."

ముగ్గురం విశాఖపట్నంలో ఆయుధాలు అమ్మే దుకాణానికి వెళ్ళాం. మావయ్య మొదట రివాల్వరు చూపించమన్నారు. చక్రంలో తూటాలు ఎవరికైనా కనపడతాయి, మరిచిపోవడానికి వీలుండదు అని ఆయన లెక్క. కానీ దాని ట్రిగ్గరు నా వేలికి బరువైంది. రెండుసార్లు నొక్కేసరికి చెయ్యంతా వణికి గొట్టం పైకప్పువైపు లేచింది. ఆయన దాన్ని మెల్లిగా వెనక్కి తోసేశారు. "ఇది మంచిదే. నీకు మంచిది కాదు" అన్నారు. ఇక మిగిలింది పిస్తోలు.

మా ఆయన మనసు అప్పటికే ఒకదాని మీద పడింది. ఎవరో వాడి అమ్మకానికి పెట్టిన పాత విదేశీ పిస్తోలు. నల్లగా నిగనిగలాడుతోంది. ట్రిగ్గరు వెన్నలా ఉందని దుకాణదారు పొగిడాడు. మావయ్య దాన్ని తీసుకుని ముందు లోపలికి చూశారు. తరవాత ట్రిగ్గరు పడకుండా ఆపే సేఫ్టీ మీటని పైకీ కిందకీ ఆడించారు. అది వదులుగా, టకటకమని కాకుండా, జారిపోతున్నట్టు కదిలింది.

"ఈ మీట సంచిలో రాసుకుంటే తనంతట తానే దిగిపోతాది. ట్రిగ్గరు ఎన్నలాగుందని సంబరపడతన్నావు గదా, ఆ రెండూ కలిస్తే ఏటవుతాదో సెప్పు అల్లుడా" అన్నారు.

"మంచి పేరున్న సరుకు సార్" అన్నాడు దుకాణదారు.

"పేరు మంచిదే నాయనా. దీని స్ప్రింగు ముసిలిదైపోనాది. రేపు విరిగితే సామాను ఎక్కడ దొరుకుతాది?"

మా ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. "అవసరానికి పేలాలి కదా మావా" అని గొణిగారు. "పేలడం దాని పని. పేలకూడనప్పుడు పేలకుండ ఉండడం కూడా దాని పనే. రెండోది సూసి కొనాల" అన్నారు మావయ్య. చివరికి మన దేశంలో చేసిన కొత్తది, బొద్దుగా, అందం చందం లేనిది ఎంచారు. ఎంచేముందు నా చేత స్లైడు పదిసార్లు లాగించారు. సేఫ్టీ మీట నా బొటనవేలికి అందుతోందో లేదో వంగి చూశారు. "మేగజైన్ తీసేస్తే ఖాళీ అయిపోనాదని అనుకోకు. లోపలొకటి కూర్సుని ఉంటే ఇది పేలతాది. దీనికి మేగజైన్ తోటి పని లేదు" అని ఆ దుకాణంలోనే మూడు నాలుగు సార్లు చెప్పారు. మూడోసారి నాకు విసుగొచ్చింది. దుకాణదారు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

కాల్చడం నేర్పే చోటికి కూడా ఆయనే వెంట వచ్చారు. అక్కడ కొత్త పిస్తోలు రెండుసార్లు ఇరుక్కుపోయింది. తూటా సగం లోపలికెళ్ళి, సగం బయట ఉండి, స్లైడు మధ్యలో ఆగిపోయింది. మా ఆయన వెంటనే నా వైపు తిరిగి, విదేశీదే కొనాల్సిందని అన్నట్టు చూశారు. మావయ్య ఆ రెండుసార్లూ ఏ మేగజైన్ వాడామో అడిగారు. రెండుసార్లూ ఒకటే. దాని పైఅంచు గోరంత వంగి ఉంది. అది మార్పించాక మళ్ళీ ఆగలేదు. "పిస్తోలుని తిట్టకు. దానికి అన్నం పెట్టే గిన్నె సొట్టపోనాది, అంతే" అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పటికి నా మణికట్లు నొప్పి పుట్టి, చెవులు గుయ్యిమంటున్నాయి. ఇంత తిప్పలు పడి ఇంట్లోకి తెచ్చుకున్న వస్తువుని చూసి నాకు ప్రేమ ఏమీ పుట్టలేదు. అలమరలో పాముబుట్ట పెట్టుకున్నట్టు ఉండేది.

ఇక దసరా సంగతి.

మా బంకులో ఆయుధ పూజ ఘనంగా చేస్తాం. ఆయిలు పోసే గొట్టాలకీ, గాలి మిషనుకీ, స్పానర్లకీ, డిప్ రాడ్‌కీ, కారుకీ అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టి బంతిపూలు కడతాం. ఆ ఏడు పిస్తోలు కూడా పూజలోకి వచ్చింది. నేను వెనక గదిలో పులిహోర కలుపుతున్నాను. మా ఆయన నా సంచిలోంచి దాన్ని తీసి, మేగజైన్ ఊడదీసి, ఆఫీసు గదిలో అమ్మవారి పటం ముందు ఇత్తడి పళ్ళెంలో రెండూ పక్కపక్కన పెట్టారు. పూజ చేసేది మా అత్తగారు. పీట వేసుకుని, సరిగ్గా గొట్టానికి ఎదురుగా కూర్చున్నారు. పిస్తోలుకి పసుపు మెత్తారు. గొట్టం చుట్టూ కుంకుమ బొట్లు పెట్టారు. పసుపు ఎక్కువైందని చీర కొంగు వేలికి చుట్టుకుని ట్రిగ్గరు దగ్గర తుడవడం మొదలుపెట్టారు.

నేను పులిహోర గిన్నెతో గదిలోకి వచ్చేసరికి మావయ్య గుమ్మంలో ఉన్నారు. చెప్పులు ఒకటి విడిచి ఒకటి విడవకుండానే లోపలికి వచ్చేశారు.

"అప్పా, సెయ్యి తియ్యి."

ఆవిడకి వినపడలేదు. తుడుస్తూనే ఉన్నారు.

"అప్పా!" అని మావయ్య అరిచిన అరుపుకి బయట గాలి మిషను దగ్గర కుర్రాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. ఆయన వంగి, అక్కగారి చెయ్యి పట్టుకుని పక్కకి తీసి, పిస్తోలు ఎత్తి గోడవైపు తిప్పారు.

"మేగజైన్ తీసేశాను మావా. అదుగో, పక్కనే ఉంది" అన్నారు మా ఆయన నవ్వుతూ.

మావయ్య స్లైడు లాగారు. లోపల్నుంచి ఒక తూటా ఎగిరి పళ్ళెంలో పడి, అరటిపళ్ళ మధ్యకి దొర్లి ఆగింది.

ఆ చప్పుడు చిన్నది. దోసిట్లోంచి రూపాయి బిళ్ళ జారితే అంత ఉంటుంది. కానీ నా చేతిలో గిన్నె ఒకవైపు ఒరిగి, పులిహోర కాళ్ళ మీద పడింది. కాలుతోందని కూడా తెలియలేదు. మా అత్తగారు తమ్ముడి వైపు, పళ్ళెం వైపు మార్చి మార్చి చూసి, "ఏట్రా? ఏటయినాదిరా?" అని అడుగుతున్నారు.

జరిగింది తరవాత తెలిసింది. ముందురోజు మేం బ్యాంకుకి వెళుతుంటే రెండు బైకులు కారు వెనకే వచ్చాయట. నేను రోడ్డు మీద కళ్ళు పెట్టి నడుపుతున్నాను. మా ఆయన నా సంచిలోంచి పిస్తోలు తీసి, తూటా లోపలికి ఎక్కించి, సిద్ధంగా పెట్టుకున్నారు. బైకులు సింగుపురం వైపు తిరిగిపోయాయి. ఆయన దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేశారు, ఎక్కించిన సంగతి మరిచిపోయారు. సేఫ్టీ మీటని ఎప్పుడు వేశారో, ఎప్పుడు తీశారో ఆయనకే గుర్తు లేదు. పళ్ళెంలో ఉన్నప్పుడు మాత్రం అది కిందకి దిగి ఉంది, అంటే ట్రిగ్గరు నొక్కితే పేలేటట్టే ఉంది.

మావయ్య తూటా తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఇంత అరుస్తారు, అంత తిడతారు అనుకున్నాను. కానీ పక్కన కూర్చుని, మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఒరే అల్లుడా, నీకు బయం. బయపడ్డం తప్పు కాదురా. గాని బయాన్ని గొట్టంలో ఎట్టీసి మరిసిపోకూడదు."

మా ఆయన పెద్దగా ఏడ్చేశారు. మోకాలు విరిగినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. సంగతి చెవిలో అరిచి చెప్పాక మా అత్తగారు తన కొంగు చూసుకున్నారు. దాని అంచున పసుపు, కుంకుమ అంటి ఉన్నాయి. "ఓలమ్మో, ఈ ఏలుతోటే కదా" అని వేలు పట్టుకుని కూర్చున్నారు.

ఆ పూటంతా మావయ్య మా ఇంటి డాబా మీద పాత టూత్ బ్రష్షు, కిరసనాయిలు పెట్టుకుని పిస్తోలు లోపలి పసుపు కడుగుతూనే ఉన్నారు. నేను టీ తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. లేచి వెళ్ళే ఓపిక లేదు. పసుపూ కుంకుమా స్లైడు సందుల్లోకి పోయి ఉండలు కడితే, రేపు నిజంగా అవసరం వచ్చిన రోజు అది సగంలో ఆగిపోతుందని చెప్పారు. "అమ్మోరికి బొట్టెట్టు. దీనికి ఒద్దు. దీని పెట్టి ఉన్నాది కదా, పెట్టికెట్టు. దేవుడు ఏటీ అనుకోడు" అన్నారు. ఆ ఏటి నుంచి మా ఇంట్లో బొట్టు పెట్టె మీదే. అది కూడా తెరిచి చూసి, మూసి తాళం వేశాకే.

తరవాత ప్రతి నెలా ఒక ఆదివారం మోపెడ్ మీద వచ్చేవారు. మాది సముద్రం గాలి తగిలే చోటు. ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. తన పాత బనియన్లు నలుచదరంగా కత్తిరించి తెచ్చుకునేవారు. పాత నూనె తుడిచి, రెండు చుక్కలు కొత్తది వేసేవారు. ఎక్కువ వేస్తే దుమ్ము పడుతుందని అదీ పిసినారిగానే. గుమ్మంలోనే అడిగే మొదటి మాట, "లోపల సూసినావా, అమ్మీ?" చూశానని చెప్పినా ఆయన మళ్ళీ చూసేవారు. నేను నమ్మకం లేదా అని ఉడుక్కునేదాన్ని. "నీ మీద నమ్మకమే. దాని మీదే నేదు" అనేవారు. కన్నుతో చూశాక చిటికెన వేలు పెట్టి చూడటం కూడా మానేవారు కాదు. ముసలితనంలో కళ్ళు మోసం చేస్తాయని, వేలు చేయదని అనేవారు.

నిజం చెప్పాలంటే ఈ ఏళ్ళన్నీ నేను అలసిపోయాను. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం, లైసెన్సు గడువు, రోజూ పొద్దున్నా సాయంత్రం ఈ చూడటం. ఆ పిస్తోలు మనుషుల మీద ఒక్కసారి కూడా తియ్యలేదు. తియ్యవలసి రాకూడదనే మొక్కుకున్నాను. ఆ బరువు నేను ఒక్కదాన్నే మొయ్యలేదు. సగం ఆయన మోశారు. అడగకుండా, అలిసిపోయానని ఒక్కసారీ అనకుండా మోశారు. బతికుండగా ఆయనకి ఈ మాట చెప్పాలని నాకు తట్టలేదు.

మేం వెళ్ళేసరికి ఆయన్ని కుర్చీలోంచి దింపి చాప మీద పడుకోబెట్టారు. మా అత్తగారు తలదగ్గర కూర్చుని, ఏడవకుండా, వచ్చినవాళ్ళని అందరినీ ఒకటే అడుగుతున్నారు. "సరిగ్గా సూసినారా? డాట్రు లోపల సూసినాడా? ఊపిరుందేమో, ఒకపాలి మళ్ళీ సూడండి." ఎవరో నచ్చజెప్పబోయారు. ఆవిడ వినలేదు. తన చిటికెన వేలు తమ్ముడి ముక్కు కింద పెట్టి, కదపకుండా అలాగే ఉంచారు. ఎంతసేపు ఉంచారో. ఆవిడే తీసేదాకా ఆవిణ్ణి ఎవరూ కదపలేకపోయారు.

దినాలన్నీ అయ్యాక ఆయన సామాన్లు ఒక ట్రంకు పెట్టెలో మా ఇంటికి వచ్చాయి. రెండు చొక్కాలు, కళ్ళజోడు, నూనె బుడ్డి, కత్తిరించి మడతలు పెట్టిన బనియను గుడ్డల కట్ట. మొన్న ఆదివారం ఆయన రావాల్సిన రోజు. నేను లాకరు తెరిచి పిస్తోలు తెచ్చి వరండాలో కూర్చున్నాను. మా అత్తగారు కాస్త దూరంలో పీట మీద ఉన్నారు. "లోపల సూసినావేటే?" అని గట్టిగా అరిచారు. చూశాను అన్నాను. "మళ్ళీ సూడు" అన్నారు.

స్లైడు లాగి చూశాను. వేలు పెట్టాను. వేలికి నూనె అంటింది. కిందటి నెల ఆయన వేసిన నూనె. తుడవబుద్ధి కాలేదు. అలాగే ఉంచేసుకుందామనిపించింది. కానీ పాత నూనె ఉంచితే దుమ్ము పట్టి ఆగిపోతుందని ఆయనే కదా చెప్పారు. ఉంచితే ఊరుకుంటారా?

మా అత్తగారు లేచి వచ్చి, కట్టలోంచి ఒక గుడ్డ లాగి నా చేతికి ఇచ్చారు. భుజం కుట్టు దగ్గర కత్తిరించిన ముక్క అది. ఆయన బనియనుతో ఆయన నూనె తుడిచాను.